ముక్కుతో నవ్విన మనిషి

కళ్ళజోళ్ళ దుకాణంలో పని పొద్దున్నే అద్దాల బీరువాలు తుడవడంతో మొదలవుతుంది. ఆ తర్వాత ఫ్రేములు వరుసగా సర్దడం, నిన్న తయారైనవాటిని పేర్లు చూసి డబ్బాల్లో పెట్టడం, వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదివించడం. "పై వరుస కనపడుతోందా? దాని కింది వరుస? ఊహించి చెప్పకండి, కనపడితేనే చెప్పండి." పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఇవే మాటలు చెబుతోంది. నలభై దాటినా వీధి మొత్తానికి ఆమె కళ్ళజోళ్ళమ్మాయే. పెళ్ళయితే ఆవిడ అయ్యేది, పిల్లలుంటే అమ్మ అయ్యేది. ఏదీ కాలేదు గనక అమ్మాయిగానే మిగిలిపోయింది.

ఇంట్లో అక్క ఉంటుంది. అక్క బడిలో లెక్కల టీచరు. ఆవిడ క్లాసులో ఈగ వాలినా చప్పుడు వినిపిస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. అక్కాచెల్లెళ్ళ మధ్య గొడవేం లేదు. గొడవైతే ఎప్పుడో ఒకప్పుడు తీరేది. "నీళ్ళొస్తున్నాయి." "తాళం ఎక్కడ పెట్టావు?" "వర్షం వచ్చేలా ఉంది, బట్టలు తియ్యి." రోజంతటికీ ఆ మాటలే. తిన్న కంచాలు ఎవరివి వాళ్ళు కడుక్కుని, అక్క ముందుగదిలో, చెల్లెలు వెనకగదిలో పడుకుంటారు. మధ్యలో తలుపు తెరిచే ఉంటుంది కానీ, దాంట్లోంచి గాలి తప్ప ఏమీ రాదు.

ఆ నెలలో దుకాణం యజమాని వేరే ఊళ్ళో ఇంకో కొట్టు తెరవబోతున్నానన్నాడు. "నమ్మకస్థులు కావాలమ్మా. నువ్వు వెళ్తానంటే అది నీ చేతుల్లో పెట్టేస్తాను. గది కూడా చూపిస్తాను. ఈ నెల చివరి సోమవారానికి చెప్పు" అన్నాడు. ఆమె సరే ఆలోచిస్తానంది. నిజానికి ఆలోచించడానికేముంది? వద్దనేవాళ్ళుంటే కదా ఆలోచించడం! అక్కకి చెబితే "ఓహో" అంది. కాసేపాగి, "పెద్ద సూట్‌కేసు అటక మీదుంది" అంది. ఆ రాత్రి చెల్లెలికి అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే ఆమె వంతు వచ్చింది, పొట్టిపిల్ల నవలకి.

ఆ నవల అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. అట్ట, మొదటి నాలుగు కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఎంతకీ పొడుగెదగని ఒక పిల్ల పెద్దదయ్యే కథ కనక అందరూ పొట్టిపిల్ల నవల అనే అంటారు. ఆ పిల్ల చేసే పనులకి కడుపుబ్బ నవ్వొస్తుంది. నవ్వి కళ్ళు తుడుచుకునేసరికి ఆ తడి దేనిదో అర్థం కాదు. వీధి చివర అద్దె పుస్తకాల గదిలో వందల పుస్తకాలున్నా అందరికీ అదే కావాలి. దాన్ని చదివి కండక్టరు రెండు స్టాపులు మర్చిపోయాడు. రొట్టెల కొట్టాయన ఓ పొయ్యి నిండా రొట్టెలు మాడబెట్టాడు. బ్యాంకు మేనేజరు "మా ఆవిడ కోసం" అని మూడుసార్లు తీసుకెళ్ళాడు, ఆయన భార్యకి చదవడమంటే పడదని అందరికీ తెలిసినా.

పాత పుస్తకం కదా, దాని నిండా నవ్వులుండేవి. చదివినవాళ్ళు ఎక్కడ నవ్వితే అక్కడ, ఆ పేజీలో, వాళ్ళ నవ్వు ఉండిపోతుంది. తర్వాతివాళ్ళు అక్కడికి రాగానే వినిపిస్తుంది. పుస్తకాలన్నాక చెదలూ ఉంటాయి, నవ్వులూ ఉంటాయి. దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. "ఆ పిల్ల ఎత్తుమడమల చెప్పులు వేసుకునే పేజీ ఉంది చూశారూ, బస్సులో మాత్రం తెరవకండి, ఒకటే గోల" అని ఒకరికొకరు జాగ్రత్త చెప్పుకోవడం తప్ప.

చెల్లెలికి మాత్రం ఆ గోలే కావాలి. వెనకగదిలో దిండుకి ఆనుకుని పుస్తకం తెరిస్తే చాలు, ఊరంతా మంచం మీదకి వచ్చి కూర్చున్నట్టుండేది. కండక్టరు విజిల్ వేసినట్టు నవ్వుతాడు. మేనేజరు ఎవరైనా చూస్తారేమోనని ముందు దగ్గి, ఆ తర్వాత నవ్వుతాడు. వాళ్ళతోపాటు తనూ నవ్వింది. ఇంకొకళ్ళతో కలిసి నవ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకి గుర్తులేదు.

ఇక పొట్టిపిల్ల తండ్రి చనిపోయే పేజీ వచ్చింది. అక్కడ పుస్తకం ఒక్కసారిగా మూగదైపోయింది. చావింట్లో ఎవరు నవ్వుతారు? పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో కూర్చున్న చెవిటి తాతని అడుగుతారు: "ఎలా పోయాడండీ?" తాత, పొద్దున ఊరెళ్ళిన తన చిన్న కొడుకు గురించి అడుగుతున్నారనుకుని, "బస్సులో" అంటాడు. "కిటికీ పక్కనే సీటు దొరికింది." వచ్చినాయన, "పోనీలెండి, సుఖంగా పోయాడు" అని కళ్ళు ఒత్తుకుంటాడు.

ఊళ్ళోవాళ్ళందరూ గుడ్లనీళ్ళు కుక్కుకున్న ఆ పేజీలో ఒకే ఒక్క నవ్వుంది. అది నోటితో నవ్వింది కాదు. ఆపుకుని ఆపుకుని ఇక ఆగక ముక్కులోంచి తన్నుకొచ్చిన నవ్వు. 'ఫుస్' మని వచ్చి, చటుక్కున ఆగిపోయింది. అది వినగానే చెల్లెలు తల దిండులో పెట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వి, లేచి కూర్చుని, చాలాసేపు గోడకేసి చూసింది.

ఆమెకి పన్నెండేళ్ళప్పుడు అమ్మ చనిపోయింది. నాన్న అంతకుముందే లేడు. ఆ పొద్దున ముందుగది నిండా మనుషులుంటే, ఆమె వచ్చి పెరటి మెట్ల మీద కూర్చుంది. గడియారాలు బాగుచేసే ఆయన, సంగతి తెలియక, పెరటివైపు నుంచి వచ్చాడు. "అమ్మ ఉందా పాపా?" "పోయింది." "అయ్యో, ఎప్పుడొస్తుంది?" ఆయన గోడగడియారం చేతిలో పెట్టి, "సరే, వచ్చాక చెప్పు. దీనికింక ముప్పై ఏళ్ళు ఢోకా లేదని" అనేసి వెళ్ళిపోయాడు. పిల్లకి నవ్వొచ్చింది. చావింట్లో అందరికీ వినపడేలా పకపకా నవ్వేసింది. అప్పుడు తలుపు వెనకనుంచి ఇరవై ఒక్కేళ్ళ అక్క వచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. అక్క ఆమెని కొట్టింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ట్యూషన్లు చెప్పి పెంచింది, చదివించింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. కానీ తల్లి పోయినరోజు నవ్విన రాతిగుండె మనిషినని చెల్లెలికి తన మీద తనకే ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. అక్కదీ అదే అభిప్రాయమని అనుకుంది.

తనలాంటి మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరున్నారు. అదెవరో తెలుసుకోకుండా ఊరు వదిలి వెళ్ళడం ఎలా?

అద్దె పుస్తకాల తాతని అడిగింది. "నా దగ్గర ఒకళ్ళు తీసుకుంటారమ్మా, వీధి వీధంతా చదివి తెచ్చిస్తారు. ఎవరు నవ్వారో నాకేం తెలుసు?" అన్నాడాయన. ఇక లాభం లేదని, దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ జోకులు చెప్పడం మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా పై వరుస కింది వరుస తప్ప మాట్లాడని మనిషి, కళ్ళజోడు చెవులకి తగిలిస్తూ, "ఏమండీ, ఒక దొంగ కళ్ళ డాక్టరింట్లో దూరాడట..." అంటే వాళ్ళు బిత్తరపోయారు. నవ్వినవాళ్ళు నవ్వారు. గలగలా, కిచకిచా, పళ్ళు కట్టించుకున్నాయన చెయ్యి అడ్డం పెట్టుకునీ. ముక్కుతో నవ్వినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఒకాయన 'ఫుస్' మన్నాడు. ఆశగా వంగి చూస్తే జలుబు.

"ఏంటమ్మా, వెళ్ళిపోతున్నానని సంతోషమా?" అన్నాడు యజమాని.

ఈలోగా పుస్తకం గడువు దాటింది. రొట్టెల కొట్టాయన దారికి అడ్డంపడి "అయిందా? అయిపోయిందా?" అని రోజూ ప్రాణం తీస్తున్నాడు. ఆమె అయిపోవచ్చిందని చెప్పి తప్పించుకుంటోంది. పుస్తకం వెనకగది అల్మారాలోనే ఉంది. రాత్రి పడుకునేముందు ఆ పేజీ ఒక్కసారి తెరిచి, ఆ నవ్వు విని, మూసేసేది.

ఒకరోజు అక్కడ ఆ ముక్కునవ్వు రెండుసార్లు వినపడింది. పొరపాటుపడ్డాననుకుంది. మర్నాడు ఇంకోటి కలిసింది. అవన్నీ ఒకే మనిషివి. శుక్రవారానికి ఆ పేజీలో తన నవ్వు ఒక్కటీ, దాని చుట్టూ చేరిన ముక్కునవ్వులు అరడజనూ అయ్యాయి.

శనివారం పొద్దున దుకాణంలో ఒకాయన చేత అక్షరాలు చదివిస్తూ సగంలో ఆగిపోయింది. పుస్తకం ఇల్లు కదల్లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తను కాకపోతే?

"కింది వరుస చదవనా?" అన్నాడు కుర్చీలో ఆయన.

"చదువుతూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుంది. ఆయన ఎంతసేపు చదివాడో పాపం.

శనివారం అక్కకి ఒంటిపూట బడి. ముందుగది ఖాళీగా ఉంది. వెనకగదిలో చెల్లెలి మంచం మీద, కాళ్ళు కింద పెట్టుకుని, టీచర్లు స్టూలు మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని ఉంది అక్క. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. అందులోంచి దిండులో తలపెట్టి నవ్వుతున్న చెల్లెలి నవ్వు వినపడుతోంది. అది వింటూ అక్క కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, ముక్కుతో 'ఫుస్' మంది.

చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మ పోయాక ఇరవై తొమ్మిదేళ్ళు ఇద్దరే ఒకే ఇంట్లో ఉన్నా, అక్క నవ్వు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఊరంతా వెతికింది అందుకే.

"నువ్వు నవలలు చదవవు కదక్కా" అంది.

అక్క ఉలిక్కిపడింది కానీ పుస్తకం మూయలేదు. "ఎనిమిదో క్లాసు పిల్ల బెంచీ కింద పెట్టుకుని చదువుతుంటే లాక్కున్నా. టీచర్ల గదిలో ఊరికే తిరగేస్తున్నాను. ఈ పేజీ దగ్గర ముక్కులోంచి వచ్చేసింది. అందరూ తిరిగి చూస్తే జలుబన్నాను. మర్నాడు ఆ పిల్లకి ఇచ్చేశా."

"మరి ఇప్పుడు రోజూ ఎందుకు?"

"నీ నవ్వుంది కదే ఇందులో."

"నాదని నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేమిటి? ఆ రోజు విన్నాను కదా." అక్క వేలితో ఆ పంక్తి మీద నెమ్మదిగా రాసింది. "మళ్ళీ వినలేదు. నువ్వు పోతే పుస్తకం తిరిగిచ్చెయ్యాలి. ఉన్నన్నాళ్ళూ విందామని."

ఎంతో కాలంగా అడగాలనుకున్నది చెల్లెలు అప్పుడు అడిగింది. "ఆ రోజు నన్నెందుకు కొట్టావు?"

అక్క పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "తలుపు వెనకే ఉన్నాను. ఆయన ముప్పై ఏళ్ళు ఢోకా లేదన్నది విన్నాను. నాకూ వచ్చేసిందే. ఇక్కడిదాకా వచ్చింది" అని గొంతు పట్టుకుని చూపించింది. "నిన్ను కొట్టకపోతే నేనూ నవ్వేసేదాన్ని. ఇద్దరం నవ్వితే ఆ ఇంటికి పెద్దదెవరు?"

చెల్లెలు వచ్చి పక్కన కూలబడింది. ఎవరు ముందు ఏడ్చారో, ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం. అక్కకి ఏడవడమూ అంతగా చేతకాదు, అదీ ముక్కుతోనే వచ్చింది. వీధిలోంచి రొట్టెల కొట్టాయన "అమ్మాయ్, అయిందా?" అని కేకేశాడు.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, అక్క అడిగింది. "తర్వాత ఏమవుతుంది ఆ పిల్లకి? పొడుగవుతుందా?"

"నువ్వు చదవలేదా?"

"ఈ పేజీ దాటితే కదా."

చెల్లెలు దిండు గోడకి జరిపి అక్కకి చోటిచ్చింది. పుస్తకం తన ఒళ్ళోకి తీసుకుని, పేజీ తిప్పి, పైకి చదవడం మొదలుపెట్టింది. చెప్పుల సంగతీ, బడిలో నాటకం సంగతీ, తండ్రి కోటు వేసుకుని పొట్టిపిల్ల మొదటిసారి పనికి వెళ్ళిన సంగతీ. ఊరి నవ్వులన్నీ వచ్చాయి, కండక్టరుదీ, మేనేజరుదీ. కానీ అక్కకి నవ్వడం అలవాటు లేదు. ప్రతి పేజీ దగ్గరా ఆగాల్సి వచ్చింది. నవ్వాక ఆ నవ్వినదేమిటో రెండోసారి చదవమనేది. కొన్నిచోట్ల "ఆగు, ఆగు" అని అసలు కథ వదిలేసి, అమ్మ గురించి ఏదో చెప్పేది. చెల్లెలికి అవేవీ తెలియవు. ఆదివారం సాయంత్రానికి పట్టుమని పది కాగితాలు కూడా కదల్లేదు.

సోమవారం యజమాని అద్దాల బీరువా దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఏం తేల్చుకున్నావు? వెళ్తావా?" అన్నాడు.

ఆమె గుడ్డ మడతపెట్టి, ఒక్క క్షణం లెక్కవేసుకుంది.

"ఇంకా డెబ్భై పేజీలున్నాయండీ" అంది.

ఆయనకేమీ అర్థం కాలేదు. కొత్త కొట్టుకి ఇంకొకళ్ళని పంపించాడు.