గాలిలో పడవ నిలిపిన వెర్డెల్

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు ఎరల కొట్టు లూథర్ పిక్కెట్. నా పడవ అడిగి తీసుకుపోయి అడుగు చీల్చి తెచ్చాడు. ఆ కోపం నాకింకా పోలేదు. అయినా ఈ విషయంలో అతను అబద్ధమాడలేదు.

వెర్డెల్ టార్ప్లీ రోజూ పొద్దున్నే లూథర్ దగ్గర ఎరకి చిన్న చేపపిల్లలు కొనుక్కుని చెరువు మీదికి వెళ్లేది. గాలి రోజుల్లో లంగరు వేసేది కాదు. ఆమె నీడ పడవ అంచు దాటి నీళ్లలోకి దిగి, అడుగునున్న చెట్టు మొద్దుని పట్టుకునేది. అందరి పడవలూ కొట్టుకుపోతుంటే ఆమెది నిలిచేది. "వెర్డెల్ నీడ గట్టిది" అనుకుని ఎవరి గాలం వాళ్లు సర్దుకునేవాళ్లు.

ఒక ఏడు మా చర్చికి మెంఫిస్ నుంచి ఆల్విన్ క్రీథ్ అనే కొత్త పాస్టరు వచ్చాడు. మాకొక పద్ధతుంది. ఈస్టరు తర్వాత జరిగే చేపల విందుకి కొత్త పాస్టరు ఒంటరిగా పడవెక్కి, మధ్యాహ్నం లోపు ఇరవై క్రాపీ చేపలు పట్టి తేవాలి. తేలేనివాణ్ణి ఉంచుకోం. అప్పటికే ఇద్దర్ని పంపేశాం. క్రీథ్‌కేమో గాలం పట్టుకోవడమే రాదు. భార్య, ముగ్గురు ఆడపిల్లలు. ఇక్కణ్ణుంచి పొమ్మంటే పోవడానికి చోటు లేదు. చేపలు పట్టడం నేర్పమని వెర్డెల్ కాళ్ల దగ్గరికి వచ్చాడు.

మొదటి రోజే ఆమెని పడవలో కూర్చోబెట్టుకుని గాలి తగలని ఒడ్డుకి తెడ్డు వేశాడు.

"ఎక్కడికి పాస్టరు గారూ, నిద్రపోడానికా?" అంది వెర్డెల్.

"అక్కడ నీళ్లు నిమ్మళంగా ఉన్నాయమ్మా."

"నీకు సుఖమైన చోట చేపకేం పని? గాలి చిరుచేపల్ని ఆ ఎదర ఒడ్డుకి తోస్తుంది. క్రాపీ వాటి వెనకే పోతుంది. నువ్వూ పో."

బరువైన సీసపు గుండు కట్టించింది. గాలం కర్ర కొన నీటికి దగ్గరగా వంచమంది, లేకపోతే గాలి దారాన్ని విల్లులా వంచేస్తుందని. బెండు మునిగింది. క్రీథ్ ఒక్క గుంజు గుంజాడు. గాలానికి చేప పెదవి ముక్క ఒక్కటే వచ్చింది.

"దయ్యాన్ని వదిలిస్తున్నావా? దాని మూతి కాగితం! పసిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు లేపు."

"పిల్లల్ని ఎత్తుకుంటే మా ఆవిడా ఇలాగే తిడుతుందమ్మా."

"బుద్ధిమంతురాలు. ఆవిణ్ణే పాస్టరుగా పెట్టుకోవలసింది."

ఒకే ముడి పదకొండుసార్లు విప్పించి కట్టించింది. నేర్పేవాళ్లని చాలామందిని చూశాను. ఆమెలా విసుక్కుంటూనే వదలనివాళ్లని చూడలేదు.

విందు ముందురోజు చెరువంతా తెల్లటి అలలు. సంఘపెద్ద హోసియా మింటర్ ఒడ్డున మడత కుర్చీ వేసుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాడు. క్రీథ్ వేసిన లంగరు పట్టలేదు. ఎదర ఒడ్డు దగ్గర మునిగి ఉన్న మొద్దు పక్కకి చేరడం, గాలికి కొట్టుకుపోవడం. పదకొండింటికి మూడే చేపలు.

"మెంఫిస్ బస్సు మూడింటికి" అన్నాడు మింటర్ అందరికీ వినబడేలా.

 వెర్డెల్ ఒడ్డున నిలబడి పాదాలు కొంచెం ఎడంగా పెట్టింది. ఆమె నీడ పాదాల నుంచి ఊడి, అలల మీద బారుగా పాకి, పడవ దగ్గర మునిగింది. పడవ నిలబడిపోయింది. క్రీథ్ వెనక్కి చూడలేదు. మొద్దు పక్కన ఎర దించాడు, బెండు మునగగానే మెల్లగా లేపాడు. మళ్లీ దించాడు. పన్నెండు కొట్టేసరికి ఇరవై ఒకటి.

మింటర్ రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఒంటరిగా పట్టాలని పద్ధతి" అన్నాడు.

"పడవలో ఇంకెవరున్నారు?" అంది వెర్డెల్.

మింటర్ కుర్చీ మడిచాడు.

ఆ నీడ తిరిగి రాలేదు. క్రీథ్ పడవనే అంటిపెట్టుకుంది. వెర్డెల్ దాన్ని వెనక్కి అడగలేదు. జులై ఎండలో కూడా నీడ లేకుండానే చర్చికి నడిచొచ్చేది. క్రీథ్ ఇరవైతొమ్మిదేళ్లు మాకు పాస్టరుగా ఉన్నాడు. అతని పిల్లలు ఇక్కడే పెరిగి, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు.

చర్చి చరిత్ర పుస్తకంలో మాత్రం, పాస్టరుకి గాలిలో చేపలు పట్టడం నేర్పింది హోసియా మింటర్ అని ఉంది. రాసింది మింటర్ కూతురు. రెండుసార్లు చదివించుకుని విన్నాను. ఆ పుస్తకం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో గానీ, వాళ్లు ఆ పేరు కొట్టేసి వెర్డెల్ టార్ప్లీ అని రాయాలి. పెన్సిల్‌తో కాదు, సిరాతో.