కండెలు చుట్టే ఆమె

"జర పక్కకు జరుగు సునీతా, ఫొటోల అడ్డమొస్తానవ్."

చేనేత సంఘం వాళ్లు ఫొటో తీయడానికి వచ్చినప్పుడల్లా మొగుడు ఓంకార్ ఆమెతో అనే మాట ఇదే. కొత్తవాడలో జంపఖానలు నేసే ఇళ్లలో మొగుడు మగ్గం మీద కూర్చుంటాడు, పెళ్లాం రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుడుతుంది. కండెలు అందకపోతే మగ్గం ఆగిపోతుంది. అయినా అందరి లెక్కలో నేసేది ఆయనొక్కడే. "మా కోడలా? ఏం పని జెయ్యది, ఇంట్లనే ఉంటది," అని అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పొయ్యి మీద అన్నం, ఒళ్లో పిల్ల, చేతిలో నూలుపోగు ఉన్న మనిషి ఏం పనీ చెయ్యదట! మొదట్లో సునీతకు ఒళ్లు మండేది. రానురానూ ఫొటోవాళ్లు గడప తొక్కకముందే తనే లేచి వంటింట్లోకి పోవడం అలవాటైంది.

పక్కింటి ప్రేమలత బడిలో టీచరు. ఆడపిల్లలను హైదరాబాద్ మ్యూజియానికి తీసుకుపోతూ సునీతను తోడు రమ్మంది. ఓంకార్ మొహం చిట్లించాడు.

"ఒక్కరోజు కండెలు నువ్వే చుట్టుకో అన్నా, చేతులేం అరిగిపోవు," అని ప్రేమలత నవ్వుతూనే చురక అంటించింది.

యూరప్ చిత్రాల గదిలో సునీత కాళ్లు ఆగిపోయాయి. బంగారు చట్రంలో పెద్ద పటం. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకామె కిటికీ దగ్గర రాట్నం తిప్పుతోంది. కాళ్ల దగ్గర బుట్ట నిండా కండెలు. నడుము అచ్చం తనకు వంగినట్టే ఒక పక్కకు వంగింది. సునీత మగ్గం కోసం వెతికింది. లేదు. నేసే మనిషి పక్క పటంలో ఉంటాడనుకుని అటు పోయింది. అక్కడ ఒక నది, రెండు ఆవులు. ఇటు పక్కన పండ్ల బుట్ట. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏం దేవులాడుతానవ్ వదినా?"

"ఈమె మొగడు ఏడున్నడా అని చూస్తాన."

"మొగడెందుకు? బొమ్మ ఆమెదే గదా."

సునీతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ దేశపు మనిషో, కండెలు చుట్టే ఆడదాని ఎదురుగా కూర్చుని ఇంత ఓపికగా బొమ్మ గీశాడు. పక్కకు జరగమనలేదు. ఆ పేరు తెలియని మనిషికి మనసులోనే దండం పెట్టుకుంది. ప్రేమలత చెయ్యి పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ, నన్ను తోలుకొచ్చినవ్," అంది.

రాత్రి ఇంటికొచ్చేసరికి ఓంకార్ రాట్నం ముందు నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. "ఎట్ల కూసుంటవే దీనికాడ?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు. అందుకూ సునీత సంతోషించింది.

తర్వాతి వారం సంఘం నుంచి ఫొటో తీసేందుకు ఒకాయన వచ్చాడు. ఓంకార్ తల దువ్వుకుని మగ్గమెక్కాడు. పాత అలవాటు నోట్లోంచి ఊడిపడింది. "జర పక్కకు జరుగు సునీతా."

సునీత లేవలేదు. రాట్నం తిప్పుతూనే ఫొటో తీసేటాయన వైపు తలెత్తింది.

"అన్నా, ముందుగాల నన్నొక్కదాన్నే తియ్యి. ఆయన పక్కకు జరుగుతడు."