కుక్కకు వచ్చిన భాష

ఒతీలియాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని గొట్టంతో మాతె ఆకు కషాయం పీలుస్తున్న తల్లి ఎర్మెలిందా మళ్లీ ఆ మాటే అంది.

"మరిచిపోయానే. ఎవరితో మాట్లాడను? మాట్లాడేవాళ్లంతా పోయారు."

మాట ఇంకా నోట్లో ఉండగానే మచ్చల కుక్క గొర్రె ఎముకొకటి కరుచుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎర్మెలిందా గుక్క తిప్పుకోకుండా దానిమీద విరుచుకుపడింది. అంతా వాళ్ల తాతముత్తాతల తెవెల్చె భాషలోనే. కుక్క ఎముకను బయట పడేసి వచ్చి, బుద్ధిగా ఆవిడ కాళ్ల దగ్గర పడుకుంది.

"మరిచిపోయావా? మరి దీన్ని ఏ భాషలో తిట్టావమ్మా?"

"కుక్కతో మాట్లాడితే మాట్లాడినట్టా?"

"నీ కడుపున పుట్టినదాన్ని, నాకు రాదు. దానికొచ్చు!"

"అది బడికెళ్లదు కదే."

శనివారాలు బడిలో పిల్లలకు తెవెల్చె నేర్పుతానని ఒతీలియానే ముందుకొచ్చి ఒప్పుకుంది. తనకు వచ్చిన నాలుగు మాటలూ, గాలి, గుర్రం, నిప్పు, మైదానాల్లో మేసే గ్వానాకో జంతువు, మొదటి వారానికే అయిపోయాయి. పోయిన శనివారం పిల్లలు కాసేపు ఆవులించి బంతాటకు పోయారు. ఈసారీ అంతే అయితే ఆ గది గిటారు మాస్టారుకు ఇచ్చేస్తామని హెడ్మిస్ట్రెస్ మొహం మీదే చెప్పింది.

"చిన్నప్పుడు బడిలో ఆ భాషలో ఒక్క మాట జారినందుకు మొక్కజొన్న గింజల మీద మోకాళ్లేయించారు నన్ను" అంది ఎర్మెలిందా. "నీకా ముచ్చట జరక్కూడదనే నోరు కట్టుకున్నా."

"ఇప్పుడెవరూ వేయించరమ్మా! వాళ్లే నేర్పమంటున్నారు."

"అప్పుడు వద్దన్నదీ వాళ్లే, ఇప్పుడు కావాలన్నదీ వాళ్లే. నా నోరేమన్నా వాళ్ల కొళాయా, తిప్పుకోవడానికి?"

"వాళ్లను వదిలెయ్. అడుగుతోంది నేను."

ముసలావిడ ఆ మాటకు కాస్త తగ్గింది. కూతురి వైపు తిరిగి, గొంతు సవరించుకుని నోరు తెరిచింది. రోజూ మాట్లాడే స్పానిషే వచ్చింది. మళ్లీ తెరిచింది. మళ్లీ స్పానిషే.

"నీ మొహం చూస్తే రాదే! నువ్వు పుట్టినప్పటి నుంచీ దాచుకున్నా కదా, అది నిన్ను చూడగానే లోపలికి పోతోంది."

"నా మొహం చూడకు మరి!"

ఎర్మెలిందా విసుగ్గా కుక్క వైపు తిరిగింది. దానితో ఏదో అంది. గాలి అన్న మాటొకటే ఒతీలియా చెవిన పడింది. తలుపు చూస్తే ఓరగా తెరుచుకుని ఉంది. వెళ్లి మూసింది. తల్లి ఆమె వైపు చూడలేదు. కుక్కతోనే ఇంకేదో అంది. ఈసారి నిప్పు అన్న మాట వినిపించింది. ఒతీలియా కెటిల్ తీసి పొయ్యి మీద పెట్టింది.

తల్లి తల అడ్డంగా ఊపి అదే మాట మళ్లీ అంది. ఒతీలియా ఊదుగొట్టం అందుకుంది. అదీ కాదు. కుక్క లేచి, కట్టెల మోపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

అంతే, ఎర్మెలిందాకు చిర్రెత్తుకొచ్చింది. మాతె గిన్నె పక్కన పెట్టి, కూతురి వైపు వేలు చూపిస్తూ అందుకుంది. అంత వయసొచ్చినా బుర్ర లేదనో, కుక్కకున్న పాటి తెలివి లేదనో, ఏమో. గొంతు లోతులోంచి తన్నుకొచ్చే మాటలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. ఒక్కటీ స్పానిష్ కాదు. కళ్లు సూటిగా కూతురి మొహం మీదే ఉన్నాయి. ఆ సంగతి ఆవిడ ఇంకా గమనించుకోలేదు.

ఒతీలియాకు సగం కూడా అర్థం కాలేదు. తల్లి ఎక్కడ ఆగిపోతుందోనని కట్టెల జోలికి పోకుండా, ఊదుగొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడి తిట్లు తింది.