చదువుతున్నట్టు కూర్చోండి

మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో గోడ పొడవునా అద్దాల బీరువాలున్నాయి. అన్నిటికీ తాళాలే. లైబ్రరీ పీరియడ్ అంటే మేం అక్కడ కూర్చుని రికార్డులు రాసుకోవడం. ఎవరైనా పుస్తకాల పేర్లు చదువుదామని బీరువా దగ్గర నిలబడితే, "అద్దానికి చేతుల మరకలైతయి, జర ఎనుకకు జరుగుండ్రి" అంటుంది సరళ మేడం.

ఆమె మా లైబ్రేరియన్. చెడ్డ మనిషి కాదు. పుస్తకం పోతే ఆమె జీతంలోంచి కోస్తారు. ఒకసారి ఎవరో పెద్ద డిక్షనరీ తీసుకుపోయి మళ్లీ తేలేదట. మరునాడే ఆమె మేడ్చల్ వెళ్లి సొంత డబ్బుతో తాళాలు కొనుక్కొచ్చింది. అప్పటినుంచి పుస్తకం ఇవ్వమని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు: "ఈడ కూసొని రికార్డు రాసుకోండ్రి బిడ్డా."

ఈ ఏడాది కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందన్నారు. ముందురోజు రిహార్సల్ పెట్టారు. మొదటిసారి బీరువాల తాళాలు తీయడం చూశాను. సరళ మేడం మనిషికో పుస్తకం చేతిలో పెట్టింది. ప్రిన్సిపాల్ సుధీర్ సార్ మా మధ్య నిలబడి చెప్పారు. ఆయనది భీమవరం వైపు. నాగారం కాలనీలో ఉంటారు.

"అమ్మాయిలూ, రేపు వాళ్లు లోపలికి రాగానే చదువుతున్నట్టు కూర్చోండి. మధ్యమధ్యలో ఓ పేజీ తిప్పండి. ఎవరూ తలెత్తి ఇకిలించకూడదు, సరేనా?"

"సార్, ఎటుదిక్కు తిప్పాలె? ముందటికా, ఎనుకకా?" అని అడిగింది నా పక్కనున్న వర్ష.

"నీ ఇష్టం తల్లీ, తిప్పితే చాలు."

తలుపు పక్కన కొత్త పోస్టరు కూడా అతికించారు. 'ఉచిత డిజిటల్ లైబ్రరీ. స్కాన్ చేయండి, వేలాది తెలుగు పుస్తకాలు చదవండి' అని రంగురంగుల అక్షరాలు. మా ఫోన్లు మాత్రం పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ బాలమల్లు కాక పెట్టెలోకి పోతాయి. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఇస్తాడు.

నాకు వచ్చిన పుస్తకానికి అట్ట లేదు. కథల పుస్తకం. చదువుతున్నట్టు కూర్చుందామనే తెరిచాను. మొదటి కథలో ఒక రైతు, బావి ఎండిపోయిందని ఎద్దును అమ్మడానికి అంగడికి తోలుకుపోతుంటాడు. మధ్యలో వాగు వస్తుంది. ఎద్దు నీళ్లలో కాలు పెట్టదు. అతను తాడు గుంజుతాడు, బతిమాలుతాడు, తిడతాడు. చివరికి కట్టె ఎత్తుతాడు. అక్కడ గంట కొట్టారు. సరళ మేడం నా చేతిలోంచి పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మాది లాల్‌గడి మలక్‌పేట్. సాయంత్రం అవ్వతో కలిసి పాలకూర కట్టలు కడుతూ ఆ కథ చెప్పాను. కథ చెబుతుంటే అవ్వ ఊ కొడుతుంది. ఆమె ఊ కొడుతున్నంతసేపు చెప్పేవాళ్లు ఆపకూడదు. అది మా ఇంటి పద్ధతి.

"కట్టె ఎత్తిండు."

"ఊ."

"గంతే అవ్వా. గంట కొట్టిన్రు."

"గంట కొడితే కథ ఒడుస్తదా? ఎద్దు దాటిందా, లేదా?"

"తెల్వదు."

"ఏం సదువే మీది! నన్ను తీస్కపోయి వాగు ఒడ్డుకు నిలవెట్టి నువ్వొస్తివి. ఇగ నేనెట్ల పండుకోవాలె?"

"రేపు పుస్తకమే తెస్త."

"తేకుంటే పాలకూర కట్టలు నువ్వే కట్టుకో."

నవ్వుతూనే అంది. కానీ నాకు నవ్వు రాలేదు. ఇంటర్‌కు ముందు మా బడిలో లైబ్రరీయే లేదు. కాలేజీలో ఉండి కూడా మా ఇంటికి ఒక్క పుస్తకం రాలేదు. రేపు రావాలి. అది తప్ప ఇంకేమీ అనుకోలేదు.

మరునాడు సరళ మేడం నిన్నటి పుస్తకాలే ఎవరివి వాళ్లకు ఇచ్చాక కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్లు గడప దాటగానే అందరం ఒక్కసారే పేజీ తిప్పాం. ఆ చప్పుడుకు ముందున్నాయన ఉలిక్కిపడ్డాడు. వెనక ఉన్నావిడ పోస్టరు చూసి, "వెరీ గుడ్" అంది. అంతే. పక్క గదిలోకి టీకి వెళ్లిపోయారు.

సరళ మేడం పుస్తకాలు వసూలు చేస్తూ నా దగ్గరకు వచ్చింది.

"శృతీ, ఇయ్యి."

"అయిపోలేదు మేడం."

"నాటకం అయిపోయింది బిడ్డా. లే ఇగ."

"నేను నాటకం ఆడుతలేను మేడం. నిజంగనే చదువుతున్న."

క్లాసులో నా గొంతు హాజరు పలికేటప్పుడు తప్ప ఎవరూ వినలేదు. అందరూ తిరిగి చూశారు. నేను పుస్తకం మాత్రం వదల్లేదు.

సుధీర్ సార్ పక్క గదిలోంచి వచ్చారు. చేతిలో సగం తిన్న సమోసా ఉంది. గొంతు తగ్గించి అడిగారు.

"ఏంటమ్మా ఈ గొడవ? పక్కనే కమిటీ వాళ్లున్నారు."

"అందుకే సప్పుడు జేస్తలేను సార్. మనసుల చదువుకుంటున్న."

"తర్వాత చదువుకుందువు గాని."

"తర్వాత తాళమేస్తరు సార్."

"డిజిటల్ లైబ్రరీ పెట్టాం కదా! ఎంచక్కా ఫోన్లో ఫ్రీగా చదువుకో."

"ఫోను బాలమల్లు కాక పెట్టెల ఉన్నది సార్."

వర్ష కిసుక్కున నవ్వింది. సార్ మొహం ఎర్రబడింది.

"మీ నాన్నని పిలిపిస్తాను."

"పిలువుండ్రి సార్. మీ బిడ్డ లైబ్రరీల పుస్తకం చదువుతాందని చెప్పుండ్రి."

ఆయనకు అరవాలని ఉంది. పక్క గదిలో కప్పుల చప్పుడు వినపడుతోంది. అరవలేకపోయారు.

అప్పుడు సరళ మేడం నా పక్కన కూర్చుంది. "బిడ్డా, నీకు నా బాధ తెల్వదు. అది పోతే నా జీతం కోస్తరు. నాకూ పిల్లలున్నరు."

సార్‌కు చెప్పినట్టు ఆమెకు చెప్పలేకపోయాను. ఆమె భయం అబద్ధం కాదు. మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

"పుస్తకం తెచ్చేదాక గిది మీ కాడనే ఉంచుకోండ్రి మేడం. గిది లేకుంటే నన్ను గేటు దాటనియ్యరు, పరీక్ష రాయనియ్యరు. దీన్ని ఇడిచిపెట్టి నేనేడికి పోత?"

"అలాంటి రూలేం లేదు. కుదరదు" అన్నారు సార్.

వర్ష కూడా కార్డు తీసి నా కార్డు మీద పెట్టింది. "మేడం, నాకు గా రెండో బీరువాల ఎర్ర అట్టది." ఆ వెనక ఇంకొకమ్మాయి లేచింది. తర్వాత ఎవరు ఎప్పుడు లేచారో చూడలేదు. బల్ల మీద కార్డులు, వాటి నీలం రిబ్బన్లు కుప్ప పడ్డాయి.

సరళ మేడం ఆ కుప్పలోని కార్డులను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత కార్డులన్నీ సొరుగులోకి తోసి లేచి నిలబడింది.

"సరళ గారూ, ఏంటి మీరు చేస్తున్నది? తాళాలు వెయ్యండి."

"తాళాలు నేను కొన్నయి సార్" అంది ఆమె. రెండో బీరువా తెరిచి ఎర్ర అట్ట పుస్తకం తీసింది.

పక్క గదిలో కుర్చీలు జరిగాయి. సార్ మా వైపు వేలు చూపించి, "రేపు చెప్తా మీ పని" అని వెళ్లిపోయారు.

కమిటీ కార్లు కదలగానే వర్ష పోస్టరు ఊడదీసింది. బాలమల్లు కాక ఫోన్లు ఇచ్చాక, దాన్ని మా బస్సులో డ్రైవరు సీటు వెనక అతికించింది. పుస్తకం దొరకని వాళ్లు స్కాన్ చేసుకున్నారు. ఎప్పుడూ గోలగా ఉండే బస్సు తుర్కపల్లి దాటేదాకా నిశ్శబ్దంగా ఉంటే డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికెళ్లి అవ్వకు మిగిలిన కథ చదివి వినిపించాను. రైతు కట్టె వాగులో పారేసి, ఎద్దు వెనకే ఇంటికి తిరిగి నడుస్తాడు. "గా మనిషికి ఇప్పుడొచ్చింది బుద్ధి" అంది అవ్వ. "ఇంకోటి సదువు."

తెల్లవారి కాలేజీ గేటు మూసి ఉంది. బస్సు దిగిన వాళ్లందరినీ బాలమల్లు కాక ఆపాడు.

"కార్డులేవి?"

"లైబ్రరీల ఉన్నయి కాకా."

"కార్డు లేనోళ్లను లోపటికి పంపొద్దని సారు పొద్దుగాల్నే ఫోన్ జేసిండు. నన్నేమనకుండ్రి బిడ్డా, నా నౌకరి గిది."

"కార్డులు తీసుకోనీకి లోపటికి పోవాలె, లోపటికి పోనీకి కార్డులు కావాలె. మస్తుంది కాకా నీ గేటు!" అంది వర్ష.

ఇద్దరు ముగ్గురు భయపడ్డారు. పుస్తకాలు గేటులోంచి అందించేసి కార్డులు తెప్పించుకుందామన్నారు. "ఇప్పుడిస్తే మళ్ల తాళమే" అన్నాను. మొదటి క్లాసు గంట లోపల మోగింది. నేను గేటుకు ఎదురుగా, కార్లు పోయే దారిలోనే నేల మీద కూర్చున్నాను. పుస్తకం తీశాను. వర్ష కూర్చుంది. తర్వాత అందరూ.

"మనసుల చదువుకుంటే మాకెట్ల తెలుస్తది? జర గట్టిగ సదువు" అంది వెనక నుంచి ఒకమ్మాయి.

రెండో కథ మొదలుపెట్టాను. కరీంనగర్ రోడ్డు మీద లారీలు పోతున్నాయి. బాలమల్లు కాక కుర్చీని గేటు ఊచల దాకా జరుపుకున్నాడు. రెండో పేజీకి వచ్చేసరికి సుధీర్ సార్ కారు రోడ్డు మీది నుంచి మా వెనక్కి తిరిగి ఆగింది.

హారన్ మోగింది. ఎవరూ లేవలేదు. మళ్లీ మోగింది, ఈసారి ఆపకుండా.

ఆ చప్పుడును మించి వినపడేలా గొంతు పెంచి చదవసాగాను.