తుంటి బొమిక

మా నారిన్ లోయ పాల సంఘానికి డైరెక్టరుగా ఎన్నికైన నెలలోనే అందరికీ విందు పెట్టి, కోరి కొరివితో తల గోక్కున్నాను. గొర్రె బాగానే ఉడికింది, నా బుర్రే ఉడకలేదు.

పాలు చల్లబరిచే ట్యాంకు అమ్మడానికి బిష్కెక్ నుంచి వచ్చిన కుర్రాడి ముందు, మా కిర్గిజ్ విందుల్లో అందరికంటే పెద్దవాళ్ళకి దక్కాల్సిన తుంటి బొమిక పెట్టించాను. బోర్డులో అందరికంటే పెద్దవాడు, మేమంతా బైకే, అంటే అన్నా అని పిలిచే ఎషెంకుల్‌కి పక్కటెముక దక్కింది. ఆయన దాన్ని ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మీటింగులకు రావడమే మానేశాడు.

ఐదుగురు డైరెక్టర్లలో నలుగురు కూర్చోనిదే మీటింగ్ చెల్లదు. ఒకాయన మందలతో కొండమీద ఉన్నాడు. పొద్దుటి పాలు మధ్యాహ్నానికి విరిగిపోతుంటే, ఆడవాళ్ళు ఆ బకెట్లు తెచ్చి నా గుమ్మం ముందు దించుతున్నారు. శుక్రవారంలోగా తేల్చకపోతే ట్యాంకు పక్క ఊరికి పోతుంది.

“అమ్ముకునేవాడికి తుంటి, మన పెద్దాయనకి పక్కటెముకా? బుద్ధుందా నీకు?” అంది తోటి డైరెక్టర్ బర్చిన్ ఎజే, అంటే బర్చిన్ అక్క.

“దూరం నుంచి వచ్చాడు కదా అని...”

“వాడు రేపు పోతాడు. ఈయనతో మూడేళ్ళు కూర్చోవాలి నువ్వు. ఫోన్ చెయ్యకు, నడిచెళ్ళు.”

వెళ్ళాను. ఎషెంకుల్ బైకే కొడవలి నూరుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“ట్యాంకు కోసమైతే పో. చలికాలం కరెంటుండదు. అందులో ఎలకలు కాపురం పెడతాయి.”

“ట్యాంకు కోసం కాదు బైకే. ఆ రోజు తప్పు చేశాను, సిగ్గుగా ఉంది. గురువారం మళ్ళీ గొర్రెని కోస్తున్నాం. ముక్కలు మీరే పంచాలి.”

కొడవలి ఆగింది.

“మీ ఇంట్లో కత్తి పదునుగా ఉంటుందా, అదీ నీలాగే మొద్దా?”

గురువారం వచ్చాడు. వయసు చూసి, వరస చూసి, ఎవరి ముక్క వాళ్ళకి పంచాడు. తుంటి బొమిక మొహమాటం లేకుండా తనే తీసుకున్నాడు. చేతులు కడుక్కున్నాక మీటింగ్ మొదలైంది. ట్యాంకుని ఆయన తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఓట్లు పెడితే ముగ్గురం కావాలన్నాం, ఆయనొక్కడే వద్దన్నాడు. ట్యాంకు నెగ్గింది. ఆయన మళ్ళీ అలుగుతాడేమోనని భయమేసింది. గుమ్మం దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

“బైకే, మీరు రాకపోతే ఇది ఆగిపోయేది. తెలుసా?”

“ఎందుకు తెలీదు?”

“మరి ఎందుకొచ్చారు?”

“పిలవడానికి మా గుమ్మం దాకా వచ్చావు. రాకుండా ఎలా ఉంటాను?” గుర్రం ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. “అది దించే రోజు కబురు చెయ్యి నుర్జమాల్. ట్రాక్టర్ నేను తెస్తాను.”