అద్దంపూత

గరుకు కాగితాన్ని సబ్బునీళ్ళలో ముంచి, చెక్కముక్కకు చుట్టి, ఎలోయ్ మళ్ళీ డిక్కీ మూత మీద రుద్దడం మొదలుపెట్టాడు. నిలువుగా పదిసార్లు, అడ్డంగా పదిసార్లు. ఆపైన తుడవడం. చెంప దాదాపు ఇనుముకు ఆనించి వెలుతురు కేసి చూడడం. ముప్పై నాలుగేళ్ళుగా ఇలా వంగీ వంగీ అతని కుడిభుజం రెండు వేళ్ళ మేర కిందికి జారింది. తడిలో నాని నాని వేలికొసల మీద గీతలు అరిగిపోయాయి. ఒకసారి ఏదో గొడవలో పోలీసులు వేలిముద్రలు తీయబోతే సిరా మరకలు తప్ప ఏమీ పడలేదు.

ఎస్పనోలా ఊళ్ళో ఈస్టర్ నాడు నేలను రాసుకుంటూ పోయే పొడుగు కార్ల ఊరేగింపు. ముందురోజు, అంటే ఇవాళ శనివారం, మెరుపు పందెం. న్యాయనిర్ణేత దినపత్రికను కారు దగ్గర పట్టుకుంటాడు. రంగులో తిరగబడి కనబడే చిన్నక్షరాలు కూడా చదవగలిగితే అదీ మెరుపు. ఎలోయ్ రుద్దుతున్న ఈ కారు ఒర్లిండాది. పోయిన ఏడు దీని మీద న్యాయనిర్ణేత అన్నీ చదివాడు. డిక్కీ మీది బొమ్మ దగ్గర మాత్రం అక్షరాలు అలుక్కుపోయాయి. రెండో బహుమతి వచ్చింది.

ఆ బొమ్మ ఆమె భర్త లాసరోది. ఎలోయ్‌తో కలిసి బడికి వెళ్ళినవాడు. పోయి పదకొండేళ్ళు. పోయినవాళ్ళ ముఖం కారు మీద వేయించుకోవడం అక్కడ మామూలే. ఆ బొమ్మ వేసింది లాసరో తమ్ముడు. అతనూ ఇప్పుడు లేడు. బొమ్మ మీద అద్దంపూత, రంగును కాపాడే ఆ పారదర్శకమైన పై పొర, పలచనని ఎలోయ్‌కు తెలుసు. ఏటా అక్కడ కాగితం ఆనించకుండా, ఉత్త అరచేత్తో మైనం రాసి వదిలేసేవాడు. ఈ ఏడు ఆ ముఖం మీద కూడా అక్షరాలు చదివించి తీరాలని పంతం పట్టాడు. బహుమతి పలక మీద కారు యజమాని పేరుంటుంది, రంగు వేసినవాడి పేరుంటుంది. రుద్దినవాడి పేరు ఎక్కడా ఉండదు. అతని సొంత బండికైతే ఇరవై ఏళ్ళుగా రంగే లేదు.

అద్దంపూత అరిగేటప్పుడు నీళ్ళు పాలలా తెల్లగా కారతాయి. తెల్లగా కారినంతసేపూ భయం లేదు. బుగ్గ మీద ఏడోసారి లాగేసరికి నీళ్ళు లేత గోధుమరంగులో కారాయి.

ఎలోయ్ చెయ్యి ఆగిపోయింది. గుడ్డతో అద్దాడు. లాసరో బుగ్గ మీద, మీసం కొస నుంచి బొటనవేలంత మేర, రంగు పోయి అడుగు తెలుపు బయటపడింది.

"ఏంట్రా, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?" అంటూ షెడ్డు యజమాని ఫెర్మిన్ కాఫీ పట్టుకుని వచ్చాడు. బొమ్మను చూసి కప్పు కింద పెట్టేశాడు. "నీ దుంపతెగ! నిన్నగాక మొన్న వచ్చినవాడు కూడా ముఖం మీద కాగితం పెట్టడు గదరా!"

"ఒర్లిండాకి చెప్పేస్తాను."

"ఏమని చెప్తావు? 'వదినా, నీ మొగుడి బుగ్గ గీకేశాను' అనా? నాలుగు గంటల్లో పందెం పెట్టుకుని! మైనంలో కాస్త రంగు కలిపి దట్టించు. పండగ కానీ, తర్వాత చూద్దాం."

ఎలోయ్ రంగు కలిపాడు. పూసేటప్పుడు చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

మిగతా కారంతా మిషనుతో మెరుపు తెచ్చేసరికి ఒర్లిండా వచ్చింది. భారీ మనిషి, పచ్చగౌను, పెదవులకు ఎర్రరంగు. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"అబ్బ, ఇందులో నా ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. ఇంత మెరిపించమని ఎవరడిగారయ్యా నిన్ను?"

నవ్వుతూనే చూపుడువేలి కొసను ముద్దుపెట్టుకుని, గుళ్ళో పునీతుడి బొమ్మను తాకినట్టు లాసరో బుగ్గను తాకబోయింది. రోజూ ఆమె చేసేదే. ఎలోయ్ ఆపలేదు, చేతిలోని గుడ్డను మడతపెట్టాడు.

వేలికి గోధుమరంగు అంటుకుంది. బుగ్గ మీద తెలుపు తేలింది. ఒర్లిండా వేలిని వెలుతురుకు పట్టి చూసుకుంది.

"నేనే," అంది మెల్లగా. "నేనే అరగదీశాను. పదకొండేళ్ళు, ఒక్కరోజు మానకుండా. చర్చిలో పునీతుడి రాతి పాదాలే ముద్దులకి అరిగిపోయాయి, ఈ రంగెంత!"

ఫెర్మిన్ కాఫీకప్పులోకి చూస్తున్నాడు.

"వదినా, అది కాదు..." అన్నాడు ఎలోయ్.

"తెలుసులే. నేను బాధపడతానని కప్పిపెట్టాలని చూశావు." అతని తడిచేతిని రెండు చేతులా పట్టుకుంది. "మంచోడివి, ఎలోయ్."

అతను చెయ్యి విడిపించుకున్నాడు. వంగి, బుగ్గ మీద మళ్ళీ మైనం పూశాడు.

ఆ మధ్యాహ్నం న్యాయనిర్ణేత లాసరో నుదుటి మీద వాతావరణం వార్త ఆసాంతం చదివాడు. మొదటి బహుమతి వచ్చింది. ఒర్లిండా మైకు అందుకుని, "ఇది నాది కాదు, ఎలోయ్ మాయెస్తాస్‌ది!" అంది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి జనం అతని పేరుకి చప్పట్లు కొట్టారు. అతను రొట్టెల బండి వెనక నిలబడి బూట్లు చూసుకున్నాడు.

తర్వాత మూడు ఆదివారాలు చెప్పేద్దామని ఆమె ఇంటికి వెళ్ళాడు. మూడుసార్లూ పచ్చిమిరప కూర తిని వచ్చాడు. నాలుగో వారం వెళ్ళలేదు.

జూలైలో వానలు మొదలైన వారం ఒర్లిండా నిద్రలోనే పోయింది. శవపేటిక ముందు కారు నడవాలట, తుడిచి ఇమ్మని ఆమె మేనకోడలు తీసుకొచ్చింది. లోపల తుడుస్తుంటే డ్రైవరు తలుపు అరలో ఏదో మెత్తగా ఎలోయ్ చేతికి తగిలింది.

"అత్తదే అది," అంది మేనకోడలు. "ఈస్టర్ కాడ్నించీ అది తొడుక్కోకుండా మామయ్యని ముట్టుకుంటే ఒట్టు. నా చేతులు పాపిష్టివే అనేది."

తెల్లని నూలు చేతితొడుగు, కుడిచేతిది ఒక్కటే. ఎక్కడా మరక లేదు, చూపుడువేలి కొసన తప్ప. అక్కడ ఎర్రని పెదవిరంగు పొర మీద పొరగా ఎండి గట్టిపడి ఉంది.