కుక్క బదులు జింక

మా అమ్మాయి దీనా ఉద్యోగమంతా ఒక కుక్కతోనే. ఆ కుక్కను మేమెవరం చూడలేదు. దీనా పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు, ఏదో దేశంలో, దాని మూత్రపిండం నుంచి తీసిన కణాలు ఇప్పటికీ సీసాల్లో పెరుగుతూనే ఉన్నాయట. వాటిలో ఫ్లూ వైరస్‌ను పెంచి, చంపి, శుద్ధి చేస్తే టీకా అవుతుంది. ఇదివరకు ఆ పని కోడిగుడ్లలో చేసేవారు. ఫ్లూ ఏటా వేషం మారుస్తుంటే, ఊరూరికీ సరిపడా టీకాకు అన్ని గుడ్లు వేళకెక్కడ దొరుకుతాయమ్మా అనేది దీనా.

చిక్కేమిటంటే, ఆ కణాలు సీసా అడుగున అంటుకుని తప్ప బతకవు. పెద్ద ట్యాంకులో పెరగాలంటే దేన్నీ పట్టుకోకుండా తేలడం నేర్చుకోవాలి. దీనా వాటికి పోసే పోషణ కొంచెం కొంచెంగా తగ్గించింది. సీసాలు ఊపుతూ, చచ్చినవి చావగా మిగిలినవాటిని మళ్ళీ పెంచింది. మళ్ళీ ఊపింది. ఆదివారం చర్చి నుంచి నేను ఇంటికి, తను అటునుంచటే ల్యాబ్‌కి. సాయంత్రం గుమ్మంలో "తిన్నావా" అని అడగడం మానేసి "బతికాయా" అని అడగడం నాకు అలవాటైంది.

"పట్టుకున్నదాన్ని వదిలించడం కూడా ఒక చదువేనా?" అన్నానొకసారి.

"వదిలితేనే పెరుగుతాయమ్మా" అంది.

నాకా మాట నచ్చలేదు. వాళ్ళ నాన్న నోయెల్ స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది దాంతోనే పోయాడు. ఆసుపత్రిలో చివర్లో చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు మమ్మల్ని. అప్పటికి దీనా ఇంటర్ చదువుతోంది.

నాది గొంతు పని. ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో అమ్మలకూ అమ్మమ్మలకూ మాట ఇస్తాను. రైలు కదులుతుంటే ప్లాట్‌ఫారం మీద ఎవరైనా ఏడవాలంటే నాకే ఫోను చేస్తారు. ఆ ఏడుపులకు నేను పెద్దగా కష్టపడక్కర్లేదు.

దీనా కంపెనీ టీకా విడుదల రోజు వేయడానికి ఒక చిన్న సినిమా తీయించింది. అందులో అమ్మమ్మ మనవరాలికి టీకా కథ చెబుతుంది. ఆ అమ్మమ్మకు గొంతు నాది. సినిమాలో తప్పులు లేకుండా చూసి సరేననడానికి కంపెనీ దీనాను పంపింది. వెంగళరావు నగర్ నుంచి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం.

నేను మైకు ముందుకు వెళ్ళగానే డైరెక్టర్ సిద్ధార్థ అన్నాడు, "రెజీనా ఆంటీ, చిన్న చేంజ్. కుక్క అన్నచోట జింక అనేయండి."

హాస్యమనుకుని నవ్వాను.

సౌండ్ ఇంజనీర్ జంగయ్య అద్దం అవతలి నుంచి తల ఎత్తాడు. "గిదేంది సార్, నడిమిట్ల జింక యాడికెల్లి వచ్చింది?"

"కుక్క మూత్రపిండం అంటే ఎవడు వేయించుకుంటాడు జంగయ్యా? ఆవంటే గొడవలు. మేకంటే పెదాలు మూయాలి, అక్కడ అమ్మమ్మ నోరు తెరిచే ఉంది. జింకయితే కొలత సరిపోతుంది. పైగా క్యూట్."

"పులిని పెట్టరాదు సార్. హీరో లెక్క ఉంటది."

జంగయ్య పక్కన కూర్చున్న దీనా నవ్వలేదు. "అది జింక కాదండీ, కుక్క. అందులో సిగ్గుపడాల్సిందేముంది? శుద్ధి చేసే ఇస్తున్నాం. ఉన్నదున్నట్టు చెబితే జనం వింటారు. దాచింది రేపెవడో బయటపెడితే, ఆ తర్వాత మనం ఏం చెప్పినా వినరు."

"హీరోకి డూప్ పెడతాం మేడమ్, ఎవరైనా అడుగుతారా? కుక్కకీ డూప్ పెట్టామనుకోండి."

"నేను ఒప్పుకోను."

సిద్ధార్థ ఫోను తీసి కంపెనీ యజమాని బసవపున్నయ్యగారికి కలిపి, స్పీకర్ పెట్టాడు. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది.

"దీనాగారూ, పెద్ద ట్యాంకు పని ఎవరి చేతిలో పెట్టాలా అని చూస్తున్నానండీ. బెంగళూరు నుంచి ఒక టీమ్ వస్తామంటోంది. మీరైతే మనవాళ్ళు. మనవాళ్ళే మొండికేస్తే ఎలాగండీ?"

ట్యాంకులో కలియదిప్పే మరను ఇంకాస్త వేగంగా తిప్పినా కణాలు చిరిగిపోతాయని దీనా భయం. కొత్తవాళ్ళు తొందరపడతారని తను ఎన్నిసార్లు అందో. అక్కడ ఏ మాట మీదా పట్టుదలకు పోవద్దు, ఉన్న పని చెడగొట్టుకోకు తల్లీ అని నేను పొద్దున ఆటోలో కూడా బతిమాలాను. ఇప్పుడూ లోపల ప్రార్థన చేసుకుంటున్నాను, ప్రభువా, ఊఁ అనిపించు అని.

"సరేనండీ" అంది దీనా.

నేను కోరుకున్నదే. అయినా అద్దం వైపు చూడకుండా తెర వైపు తిరిగాను.

తెర మీద అమ్మమ్మ నోరు తెరిచింది. "అనగనగా ఒక జింక ఉండేదమ్మా..."

"ఆంటీ, మీకే డౌటున్నట్టుంది. మళ్ళీ."

మళ్ళీ చెప్పాను.

"ఇప్పుడు జింక చచ్చిపోయినట్టుంది."

"అమ్మా, జర నీళ్ళు తాగుండ్రి. ఫికర్ చేయకుండ్రి" అన్నాడు జంగయ్య.

తాగి మళ్ళీ చెప్పాను. సిద్ధార్థ తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళలో లేనివాళ్ళందరినీ నా బిడ్డలనుకుని పిలిచాను. ఒక్క జింక నోట పలకడం లేదు.

అప్పుడు దీనా ముందుకు వంగి లోపలికి మాట్లాడే బటన్ నొక్కింది. హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు చెవి పక్కనే వినిపించింది.

"అమ్మా, నమ్మి చెప్పు."

"ఎలా చెప్పనే, నిజం నీకు తెలిసుండగా?"

"నాన్న మనల్ని చూస్తూనే ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు అని రోజూ చెప్పేదానివి చూడు, అలా."

తను ఆ మాట నమ్ముతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. వింటూ నిద్రపోయేది కదా.

తెర మీద బొమ్మ మళ్ళీ మొదలైంది. చెప్పాను. ఎక్కడా తొణకలేదు.

"ఓకే!" అన్నాడు సిద్ధార్థ. "సూపర్ ఆంటీ!"

"ఇంకొక్కసారి వేయండి" అని దీనా అడిగింది. జంగయ్య వేశాడు. తల వంచుకుని మొత్తం వింది.

"ఇదే ఉంచండి."

నేను కిందికి వచ్చేసరికి తను రోడ్డు పక్కన నాకోసం క్యాబ్ తలుపు తెరిచి పట్టుకుని ఉంది.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా. నేను ల్యాబ్‌కి వెళ్ళాలి. ట్యాంకు పని నాకే ఇచ్చారని ఇప్పుడే ఫోనొచ్చింది" అంది.

ఆ మాట క్యాబ్ డ్రైవర్‌తో చెప్పినట్టు, అటు తిరిగి చెప్పింది.